రిలీవరు రాని డ్యూటీ

మా మావయ్య రిటైరైన మర్నాడు పొద్దున్న మొదటి సైరను మోగేసరికే స్నానం ముగించి, ఖాకీ బట్టలు వేసుకుని, బూట్ల తాళ్ళు బిగించి వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ముందురోజు సాయంత్రం వర్క్‌షాపు వాళ్ళు వేసిన బంతిపూల దండ ఇంకా వాడలేదు, తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. మా అత్త వంటింట్లోంచి తొంగిచూసింది. టిఫిన్ క్యారియరు కట్టాలా వద్దా అని తెలియక గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎక్కడికెల్తన్నావు?" అని అడిగింది.

"ఎక్కడికీ ఎల్నే. పిలిస్తే రెడీగా ఉండాల గదా."

"ఎవులు పిలుస్తారు?"

"ఇంకెవులు, కంపినీ. నెలనెలా పింఛను ఇస్తానన్నాడా నేదా? పని నేకండా డబ్బులెవడిస్తాడే, ఎర్రిదానా?"

అత్త, కోడలినైన నా వైపు చూసింది. ఇంక మన పని అయిపోయింది అని మనసులో అనుకున్నాను.

రైలు కంపెనీ పోయి సర్కారుది అయి చాలా ఏళ్ళైనా మావయ్య నోట్లో కంపెనీయే ఉండిపోయింది. ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పవర్ హౌసులో బాయిలరు మిస్త్రీ. జీవితమంతా ఆ హోరులో గడిపిన మనిషి కాబట్టి చెవులు సగం పోయాయి. తనకి వినబడదు గనక లోకంలో ఎవరికీ వినబడదనుకుని అరిచి మాట్లాడేవారు. ఉప్పు అందుకోమంటే మా లైనులో నాలుగో క్వార్టరు వాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆయన ఏ కథ మొదలుపెట్టినా ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగేది: "రిలీవరు రాకండా బాయిలరొగ్గీసి నానెప్పుడూ దిగనేదు." తన బదులు డ్యూటీ ఎక్కే మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా కదలకూడదు. జ్వరమొచ్చినా అంతే, ఇంట్లో పెళ్ళయినా అంతే. మా ఆయన పుట్టిన రోజున రిలీవరు ఆలస్యంగా వచ్చాడు గనక కొడుకు మొహం ఆయన సాయంత్రానికి గానీ చూడలేదట. ఈ సంగతి అత్త చెప్పేటప్పుడు ఒకలా, ఆయన చెప్పేటప్పుడు ఇంకొకలా ఉండేది.

పింఛను సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు రైల్వేలో రిటైరైన మనిషికి ఫండు చేతిలో పెట్టి, సొంతూరికి పాసు రాసిచ్చి, దండం పెట్టి పంపేసేవారు. ఆయన మద్రాసు మెయిలెక్కి శ్రీకాకుళమో విజయనగరమో దిగిపోతాడని, అక్కడ ఆయన కోసం ఎవరో మంచం వాల్చి ఎదురుచూస్తూ ఉంటారని దొరల నమ్మకం. మావయ్య ఆ ఊరొదిలి వచ్చేనాటికి మీసమైనా రాలేదు. అక్కడ ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళెవరూ మిగల్లేదు. ఇలాంటివాళ్ళు మా ట్రాఫిక్ కాలనీ నిండా ఉన్నారు. అందుకని ఆ రోజుల్లో సర్కారు కొత్తగా, ముసలివాళ్ళని చూసుకోవడం మా పని కూడా అంది. నెలనెలా పింఛనంది, ఆసుపత్రంది. మంచి మాటే. కానీ ఆ మంచిని మా మావయ్య చెవిలో వేసి, అర్థం ఇదీ అని చెప్పగలిగిన మొనగాడు ఖరగ్‌పూర్‌లో లేడు. డబ్బు వస్తోందంటే డ్యూటీ ఉన్నట్టే అని ఆయన నిశ్చయం.

పిలుపు ఎక్కణ్ణుంచీ రాలేదు. అందుచేత డ్యూటీ ఇంట్లోనే మొదలైంది.

మాది రెండు గదులూ ఒక వరండా. క్వార్టరు మావయ్య పేరు మీంచి మా ఆయన పేరు మీదకి మారింది. ఆయన కూడా వర్క్‌షాపులోనే ఫిట్టరు, పొద్దున్న పోతే సాయంత్రానికి వచ్చేవారు. కాబట్టి మావయ్య చేతికింద పనివాళ్ళు ఇద్దరమే, అత్తా నేనూ. వర్క్‌షాపులో అరిగిపోయిన పనిముట్టు అప్పగిస్తేనే స్టోర్సువాడు కొత్తది ఇస్తాడు. ఆ రూలు మా ఇంటికి వచ్చింది. కొత్త చీపురు కావాలంటే పాత చీపురు మోడు చూపించాలి. అరిగిందా లేదా అని ఆయన వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసి, "ఇంకా రెండు నెల్లు వస్తాది, ఎల్లు" అనేవారు. అన్నం ఉడుకుతుంటే పక్కన నిలబడి ఆవిరి చూసేవారు. ప్రెషరు ఎక్కువైందని మూత తీసేవారు, తక్కువైందని బొగ్గులు ఎగదోసేవారు. వంటింటి తలుపు కిర్రుమంటోందని విప్పేసి, మళ్ళీ బిగించేటప్పుడు తలకిందులుగా బిగించారు. దాని గడియ అప్పట్నుంచీ మా మోకాళ్ళ దగ్గర ఉండేది.

నాకు నోటి దురుసు ఎక్కువని మా పుట్టింటివాళ్ళు చెప్పకుండా పెళ్ళి చేశారు. అది ఖరగ్‌పూర్ వాళ్ళకి వారంలోనే తెలిసింది. ఒకరోజు నేను, "మావయ్యా, ఈ వంకాయ కూరకి ఫోర్‌మన్ ఎందుకండీ?" అనేశాను. ఆయనకి వినబడలేదు. వినబడి ఉంటే బావుణ్ణని ఇప్పటికీ అనుకుంటాను.

నా బాధ నోటితో పోయేది. అత్తది అలా కాదు. ఆవిడకి రోజంతటిలో తనదంటూ ఒక్క పూట ఉండేది. మధ్యాహ్నం సైరను మోగి, వర్క్‌షాపులో మగవాళ్ళు తిండి ముగించి మళ్ళీ పనిలోకి దిగాక, అంట్లు తోమి, కొంగు దులుపుకుని, ముందుగదిలో నల్లటి సిమెంటు గచ్చు మీద, తలకింద పీట పెట్టుకుని పడుకునేది. ఫ్యానేమీ లేదు. ఆ గచ్చే చల్లగా ఉండేది. నిద్రపోయేదో లేదో తెలియదు గానీ సాయంత్రం సైరను దాకా మాట్లాడేది కాదు. కొత్తలో నేనేదో అడగబోతే చెయ్యి పైకెత్తి, "ఇప్పుడు నాను నేను" అంది. ఆవిడ యాసలో లేను అంటే నేను; ఇంట్లో లేనని అర్థం. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నేను కూడా రెండో గదిలో పడుకుని, లేకుండా ఉండడం నేర్చుకున్నాను.

మావయ్య రిటైరయ్యాక ఆ పూట పోయింది. చివరి పదిహేనేళ్ళూ పగటి డ్యూటీ చేసిన మనిషికి మధ్యాహ్నం నిద్రంటే తెలియదు. ఆవిడ అలా వాలగానే, "గొళ్ళెం మేకేదీ? టీ పెట్టవేటి? ఇదిగో, ఈ గోడకి చెమ్మ చూసినావా?" అని మొదలయ్యేది. ఆవిడ లేచేది. మళ్ళీ వాలేది. మళ్ళీ లేచేది. కొన్నాళ్ళకి వాలడమే మానేసింది. కళ్ళకింద నల్లబడింది. ఎండాకాలం ఒకరోజు వీధి కుళాయి దగ్గర నిండు బిందె ఎత్తబోయి అలాగే కూలబడిపోయింది. నేను పరిగెత్తేసరికి బిందెలోంచి నీళ్ళన్నీ ఆవిడ నెత్తిమీంచి ఒళ్ళోకి కారుతున్నాయి. "నీళ్ళు పోనాయి, మల్లీ పట్టాల" అని అంటోంది. నాకు భయం వేసింది. మా ఇంట్లో ముసలివాళ్ళంటే మావయ్య ఒక్కరే అని నేను అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఆవిడ జుట్టు తడిసి నెత్తికి అంటుకుపోతే, అందులో నల్లది ఎంత తక్కువ ఉందో చూశాను.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, రెస్టు కావాలన్నాడు.

మావయ్య నిజంగా కంగారు పడ్డారు. పెళ్ళామంటే ప్రేమ లేక కాదు, ఆ ప్రేమ గొంతు పెద్దది, అంతే. డాక్టరు రెస్టన్నాడు కాబట్టి రెస్టు పని ఆయనే చేయించడం మొదలుపెట్టారు. గచ్చు మీద ఆవిణ్ణి పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని, బాయిలరు గేజీ చూసినట్టు మొహంలోకి చూస్తూ కూర్చునేవారు. కన్ను మూతపడుతోందనగా, "ఏటి, నిద్దరోతన్నావా?" అని అరిచేవారు. ఆవిడ అదిరిపడి కళ్ళు తెరిచేది. "పడుకో, పడుకో. డాక్టరు సెప్పినాడు." మళ్ళీ కాసేపటికి, "ఏటి, నిద్దరోతన్నావా?"

మూడో రోజున అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఓలమ్మా, మీ మావని ఎక్కడికైనా పంపీయే. దగ్గరైతే బాగుణ్ణు, దూరమైనా పరవానేదు."

మా లైను చివర క్వార్టర్లో వెల్ఫేరు బాబు ఉండేవాడు. కార్మికుల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు. బెంగాలీ మనిషి, తెలుగు వాళ్ళ మధ్య ఉండి ఉండి మా భాషా తన భాషా హిందీ కలిపి ఒక పులుసు చేసుకున్నాడు. నన్ను బౌమా అనేవాడు, వాళ్ళ భాషలో కోడలా అని. నేను వెళ్ళి సంగతి చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"బౌమా, మంచి టైములో వచ్చినావు! సర్కార్ ఇప్పుడు బుడ్ఢా లోగ్ కోసం సోచ్ చేస్తుంది. రెస్ట్ రూమ్ శాంక్షన్ అయింది. మనిషి కావాలి. రోజూ రావాలి. మనిషి రాకపోతే రూమ్ వాపస్ తీసుకుంటారు."

"మనుషుల సంగతి మావయ్య చూసుకుంటారు, దాదా" అన్నాను. అంతకంటే నిజమైన మాట నేను మళ్ళీ అనలేదు.

ఆ గది పాత లాంపు రూము. ఒకప్పుడు సిగ్నలు దీపాలు తుడిచి చమురు పోసే చోటు. గోడలకి సున్నం వేసినా కిరసనాయిలు వాసన పోలేదు. కొత్త పడక కుర్చీలు వేశారు, క్యారంబోర్డు పెట్టారు, బెంగాలీ హిందీ తెలుగు పేపర్లు తెప్పించారు. రిటైరైన కార్మికులు వచ్చి హాయిగా కాళ్ళు చాపుకుని విశ్రాంతి తీసుకోవాలని వెల్ఫేరు బాబు రిబ్బను కత్తిరించిన రోజున ఉపన్యాసం చెప్పాడు. చివర్లో మాత్రం, హాజరు బాగుండాలి, లేకపోతే గది పోతుంది అన్నాడు. మావయ్యకి వినబడింది ఆ ఒక్క మాటే.

ఇంటికి వచ్చి గర్వంగా, "సెప్పినానా? పిలుస్తారని సెప్పినానా?" అన్నారు.

వారం తిరిగేసరికి ఆ విశ్రాంతి గది వర్క్‌షాపు అయిపోయింది. బిస్కెట్ డబ్బాల మూతలు కత్తిరించి ఒక్కొక్కరికి నంబరు బిళ్ళ చేశారు. గుమ్మం బయట చెక్క బోర్డుకి మేకులు కొట్టారు. వర్క్‌షాపు గేటు దగ్గర ఎలాగో అలాగే, వచ్చినవాడు తన బిళ్ళ బోర్డుకి తగిలించి లోపలికి వెళ్ళాలి. పొద్దున్న షిఫ్టు, రెండు గంటల షిఫ్టు. రెండు గంటల సైరను మోగగానే పొద్దుటివాళ్ళు బయటికి వచ్చి బిళ్ళలు తీసుకుంటారు, తరవాతివాళ్ళు తగిలిస్తారు. రిలీవరు రాకుండా ఎవరూ ఇంటికి పోకూడదు. హాజరుకి ఢోకా లేదు. ఇనుము కరిగించి అచ్చులు పోసిన ఒక ముసలి మౌల్డరు జ్వరమొచ్చి రాలేకపోతే సిక్కు లీవు అడగడానికి రిక్షా ఎక్కి వచ్చాడు.

హాజరైనవాళ్ళకి పని ఉండాలి కదా. కాలనీలో కారే బాల్చీలు, మండని స్టవ్వులు, సైకిళ్ళు, గొడుగులు, పాడైన హార్మోనియం ఒకటి, అన్నీ అక్కడికి చేరాయి. పొద్దున్నుంచీ సుత్తి చప్పుడే. పేపర్లు స్టవ్వులు తుడవడానికి పనికొచ్చాయి. క్యారంబోర్డు మీద మరలు ఆరబెట్టేవారు.

పడక కుర్చీల్లో మాత్రం ఎవరూ పడుకునేవారు కాదు. డ్యూటీలో నిద్రపోవడం రైల్వేలో ఎంత పెద్ద నేరమో వాళ్ళందరికీ తెలుసు. ఒక్క గార్డు గారు మాత్రం పడుకున్నారు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు, గూడ్సు బండ్లకి గార్డుగా చేసి రిటైరయ్యారు, నెమ్మదైన మనిషి. మావయ్య ఆయన మీద ఎంక్వయిరీ పెట్టారు. అందరూ గుండ్రంగా బెంచీల మీద నిటారుగా కూర్చున్నారు.

"డ్యూటీలో నిద్దరోనావు. ఒప్పుకుంటావా?"

"ఆయ్, ఒప్పుకుంటానండి. ఇది రెస్టు రూమేనాండి?"

"అవును."

"మరి రెస్టు రూములో డ్యూటీ అంటే నిద్రేనండి. మీరంతా డ్యూటీ ఎగ్గొట్టి స్టవ్వులు బాగుచేస్తున్నారండి."

మావయ్య చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. వినబడలేదన్నారు. గార్డు గారు నిద్రపోవాలంటే బయట వేపచెట్టు కింద పోవాలని తీర్పు చెప్పారు. ఈ కథ ఇంటికొచ్చి ఆయనే చెబుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎంత నవ్వుకున్నా నాకు ఆ గదంటే దణ్ణం పెట్టాలనిపించేది. ఎందుకంటే అత్తకి మధ్యాహ్నం తిరిగి వచ్చింది. మావయ్య భోజనానికి వచ్చి, తిని, వెంటనే మళ్ళీ వెళ్ళిపోయేవారు. ఆవిడ పీట తెచ్చుకుని గచ్చు మీద వాలి, మోచెయ్యి కళ్ళమీద పెట్టుకునేది. ఇల్లంతా నిశ్శబ్దం. నెల తిరిగేసరికి కళ్ళకింద నలుపు తగ్గింది. ఒకరోజు పీట మీద తల తిప్పి, తనంతట తనే, "మంచి గదే కట్టినాడు సర్కారు" అంది. ఆవిడ ఆ గదిని చూడనైనా లేదు.

అంతలో ఇబ్బంది వచ్చిపడింది. బజార్లో స్టవ్వులు బాగుచేసే ఒకతను, ముసలాళ్ళు ఊరికే చేసిపెడుతుంటే నా కడుపెలా నిండుతుందని పైవాళ్ళ దగ్గర మొరపెట్టుకున్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. పైనుంచి ఆఫీసరు తనిఖీకి వస్తాడని తెలిసింది. గది విశ్రాంతికి వాడుతున్నారా సరేసరి, లేకపోతే మూసేసి తాళం వేస్తాడు. వెల్ఫేరు బాబు మా వరండాలోకి వచ్చి చెమటలు తుడుచుకుంటూ మావయ్య చేతులు పట్టుకున్నాడు.

"మిస్త్రీ దాదా, ఒక్క దిన్. హాథ్ జోడ్‌తాను. సుత్తి హథోడీ వద్దు. స్టవ్ వద్దు. అందరూ కుర్చీలో ఆరామ్ సే పడుకోవాలి. బస్."

"ఠీక్ హై," అన్నారు మావయ్య. "ఆర్డరైతే సేస్తాం."

లోపల అత్త చేతిలో చేట ఆగిపోయింది. గది మూతపడితే ఏమవుతుందో మా ఇద్దరికీ ఒకరికొకరం చెప్పుకోనక్కరలేదు.

మర్నాటి నుంచి మావయ్య వాళ్ళకి రెస్టు నేర్పించడం మొదలుపెట్టారు. అదెంత కష్టమో ఆయనకీ తెలియదు. 'ఎక్కండి' అనగానే అందరూ పడక కుర్చీలు ఎక్కాలి, 'కాళ్ళు' అనగానే కాళ్ళు చాపాలి, 'కళ్ళు' అనగానే కళ్ళు మూయాలి. కళ్ళు మూసినవాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవారు. ఒకాయనకి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడి, ఆపుకోలేక జేబులోంచి స్క్రూడ్రైవరు తీసేవాడు. నేర్చుకోనక్కరలేకుండా వచ్చింది గార్డు గారికి ఒక్కరికే. ఆయన్ని వేపచెట్టు కింద నుంచి గౌరవంగా లోపలికి పిలిచి, అందరికీ చూపించడానికి మధ్యన పడుకోబెట్టారు. ఇంతమంది చూస్తుంటే నిద్రెలా పడుతుందండీ అని ఆయన మొత్తుకున్నారు.

తనిఖీ రోజు వచ్చింది. ఆఫీసరు పొద్దున్నే వస్తాడన్నారు, రాలేదు. మధ్యాహ్నానికీ రాలేదు. ఎవరూ కుర్చీ దిగకూడదని మావయ్య ఆర్డరు కాబట్టి ఆయన భోజనానికి ఇంటికి రాలేదు. అత్త క్యారియరు కట్టింది. నేను తీసుకెళ్తానన్నా వినకుండా తనూ బయల్దేరింది. ఎండలో ఇద్దరం లాంపు రూముకి వెళ్ళాం. లోపల పన్నెండుమంది ముసలివాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు పొట్టమీద పెట్టుకుని, యుద్ధానికి సిద్ధంగా ఉన్నట్టు పడుకుని ఉన్నారు.

మావయ్య ఒక్కరే లేచి, అత్త వడ్డిస్తే తిన్నారు. ఆవిడ గిన్నెలు సర్దుతుండగా రెండు గంటల సైరను మోగింది.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. ముప్ఫయ్యేళ్ళో నలభయ్యేళ్ళో ఆ సైరనుకి లేచిన ఒళ్ళు. కళ్ళు మూసుకున్నవాళ్ళు మూసుకున్నట్టే లేచారు. ఒకరి వెనక ఒకరు బయటికి నడిచి, బోర్డు దగ్గర లైను కట్టి, బిళ్ళలు తీసుకోవడం మొదలుపెట్టారు. రెండో షిఫ్టువాళ్ళు అవతల నిలబడి ఉన్నారు. గార్డు గారు కూడా, ఎంక్వయిరీ భయమో ఏమో, వెళ్ళి నిలబడ్డారు. మావయ్య లైను సరిచేస్తున్నారు.

గదిలో అత్తా నేనూ మిగిలాం. అన్నీ ఖాళీ కుర్చీలు. ఆవిడ చివరిదాన్ని ఒకసారి చేత్తో నొక్కి చూసింది. "ఊగుతాదేటే ఇది?" అని నన్నడిగి, అంచున కూర్చుంది. తరవాత కొంచెం వెనక్కి జరిగింది. ఎక్కడైనా సరే, అది ఆవిడ లేకుండా పోయే వేళ. క్యారియరు ఒళ్ళో ఉంది. మోచెయ్యి కళ్ళమీదకి వచ్చింది. నేను చూస్తుండగానే నోరు కొద్దిగా తెరుచుకుని, సన్నగా గురక మొదలైంది.

బయట జీపు ఆగింది.

ఆవిణ్ణి లేపడానికి నాకు టైముంది. చెయ్యి భుజం దాకా వెళ్ళింది కూడా. లేపలేదు. ఏ ఆఫీసరొచ్చినా రానీ, నేను లేపను అనుకుని పక్కన నిలబడ్డాను.

ఆఫీసరు లోపలికి వచ్చాడు. వెనకాల వెల్ఫేరు బాబు, ఆయన వెనక మావయ్య, గుమ్మం నిండా ముసలివాళ్ళు. ఆఫీసరు ఖాళీ కుర్చీలన్నీ చూశాడు. గోడ పక్కన గోనెపట్టా కింద దాచిన స్టవ్వులూ చూశాడు. అప్పుడు చివరి కుర్చీలో గురక పెడుతున్న అత్తని చూశాడు. ఈవిడ ఏ షాపులో పనిచేసింది, ఎప్పుడు రిటైరైంది అని హిందీలో మెల్లగా అడిగాడు. వెల్ఫేరు బాబు మావయ్య వైపు చూశాడు. రూలు ప్రకారం ఆ గది రిటైరైన కార్మికులకే.

"ఏటి? ఏటంటన్నాడు?" అని మావయ్య అరిచారు.

"మీ ఆవిడ ఎప్పుడు రిటైరయ్యారని అడుగుతున్నారండీ!" అని గార్డు గారు ఆయన చెవిలో అంతకంటే గట్టిగా అరిచారు.

అత్తకి మెలకువ వచ్చింది. ఎదురుగా ప్యాంట్లూ బూట్లూ కనబడేసరికి గబుక్కున కొంగు సర్దుకుని, క్యారియరు గుండెకి పట్టుకుని లేచి నిలబడింది. తననే అడిగారనుకుంది. నిజానికి తన గురించే గదా అడిగారు. బుద్ధిగా ఆలోచించి జవాబు చెప్పింది.

"నానా? నానింకా అవనేదు బాబూ. ఈయన అయిపోనాడు. నాకు రిలీవరు రానేదు."

అని క్యారియరు గిన్నెలు వేలితో తడిమి, "చిన్న మూతేదీ?" అని కుర్చీ కింద వెతికి, దొరికాక, "రాయే, పొద్దోయింది" అని నన్ను పిలిచి బయటికి నడిచింది. గుమ్మంలో ముసలివాళ్ళంతా పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆవిడ చెప్పింది ఏమిటని ఆఫీసరు అడుగుతుంటే, వెల్ఫేరు బాబు తన పులుసు భాషలో తంటాలు పడడం వెనక నుంచి వినబడింది. ముందు ఆఫీసరు నవ్విన చప్పుడు వచ్చింది, తరవాత రాలేదు.

గది ఉంచారు. స్టవ్వులు మాత్రం బజారతనికే వదిలెయ్యమన్నారు. కార్మికుల భార్యలు కూడా వచ్చి కూర్చోవచ్చని ఆఫీసరు నోటిమాటగా చెప్పి వెళ్ళాడట. సాయంత్రం వెల్ఫేరు బాబు ఆ శుభవార్త మోసుకొస్తే అత్త మొహం చిట్లించింది.

"మొగోల మద్దిని గురక పెట్టడానికా? నాకు నా గచ్చుంది."

మావయ్య ఆ రాత్రి మాట్లాడలేదు. ఉప్పు కూడా అడగలేదు. నాలుగో క్వార్టరావిడ గోడ మీంచి తొంగిచూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మర్నాడు ఆయన భోజనానికి వచ్చి, తిని, ఎప్పటిలా మళ్ళీ వెళ్ళలేదు. మళ్ళీ మొదలైందనుకున్నాను. అత్త అంట్ల దగ్గర కూర్చుని ఉంది. రెండు గంటల సైరను మోగింది. మావయ్య తన బిస్కెట్ డబ్బా బిళ్ళని వంటింటి తలుపుకి, మోకాళ్ళ దగ్గరున్న ఆ గడియకి తగిలించారు. ఖాకీ చొక్కా చేతులు పైకి మడిచి, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"దిగు," అన్నారు.

"ఏటి?"

"రిలీవరొచ్చినాడు. సార్జి అప్పగించి దిగు."

అత్త ఆయన్ని చూసింది, తలుపుకి వేలాడుతున్న బిళ్ళని చూసింది. చేతిలో బూడిద పీచు ఉంది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది. మెల్లగా లేచి, కాళ్ళు కడుక్కుని, పీట తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. నేను సాయం చెయ్యబోతే, "నీ డ్యూటీ కాదమ్మా, ఎల్లి పడుకో" అని మావయ్య కసిరారు. వంటింట్లో గిన్నెలు బాయిలరు పేలినట్టు మోగాయి. ఒకటి సొట్టపోయింది కూడా. కాసేపటికి చప్పుడు ఆగింది.

నేను పడుకోలేదు, రెండో గది గుమ్మంలోంచి చూస్తున్నాను. తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ఆయన ముందుగది తలుపు దగ్గరికి వచ్చారు. గచ్చు మీద అత్త అటు తిరిగి పడుకుని ఉంది. ఆయన వంగి చూశారు. ఏమడగబోతున్నారో నాకు తెలుసు, లైను మొత్తానికి తెలుసు. నోరు తెరిచారు. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, మూసేశారు. గుమ్మంలో కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పి, బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అత్త నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన వెళ్ళాక నా వైపు చూసి చెయ్యి పైకెత్తింది, నాను నేను అన్నట్టు. అప్పుడు మూసుకుంది.